బదులు రాని పలకరింపు

తెలుగులో ‘మనోడు’ అన్నంత ఆత్మీయమైన మాట ఇంకొకటి లేదు. అంత అనుమానించదగిన మాట కూడా లేదు. ఆఫీసుకు బదిలీపై వచ్చిన కొత్త అధికారి గురించో, పక్క ఫ్లాటులో అద్దెకు దిగిన కుటుంబం గురించో, పరిశోధనకు దరఖాస్తు పెట్టుకున్న కుర్రవాడి గురించో గొంతు తగ్గించి ‘మనోడేనా?’ అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నకు అర్థమేమిటో ఈ నేల మీద పెరిగినవాళ్ళకు విడమరచి చెప్పనక్కర లేదు. పదిహేనేళ్ళ కిందటి దాకా ఆ ‘మనవాళ్ళు’ కలుసుకోవడానికి పెళ్ళిపందిరో, కుల సంఘం హాస్టలో, కార్తీక వనభోజనమో కావలసి వచ్చేది. ఇప్పుడు పొద్దున లేవగానే ఫోనులో కలుసుకుంటున్నారు. రోజుకు పదిసార్లు కలుసుకుంటున్నారు.

కులం అంతర్జాలంలోకి వచ్చిందన్న సంగతి మీద మనం చాలానే మాట్లాడుకున్నాం. కానీ ఆ చర్చ దాదాపు ఎప్పుడూ తిట్టు చుట్టూనే తిరుగుతుంది. ఎవరు ఎవరిని ఏ మాట అన్నారు, స్క్రీన్‌షాట్ ఉందా, కేసు పెట్టారా లేదా అన్న దగ్గరే ఆగిపోతుంది. చట్టం చూపు కూడా అటే. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టంలోని 3(1)(ఆర్), 3(1)(ఎస్) సెక్షన్లు నలుగురికీ కనిపించే చోట జరిగే అవమానాన్ని, కులం పేరిట దూషణను నేరంగా పరిగణిస్తాయి. అంతర్జాలంలో పెట్టిన దూషణ కూడా ఆ పరిధిలోకి వస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. ఇది అవసరమైన రక్షణే. అయితే తిట్టు ఏ నెలకో ఒకసారి వస్తుంది, పలకరింపు రోజూ ఉంటుంది. ఈ గుంపులో తానూ ఒక మనిషినని ఎవరికైనా అనిపించేదీ, తన చోటు గడప అవతలేనని తెలిసివచ్చేదీ ఎక్కువగా ఆ పలకరింపుల వల్లనే. ఎవరి పుట్టినరోజుకు ఎంతమంది శుభాకాంక్షలు చెప్పారు, ఎవరి ప్రశ్నకు ఎంత త్వరగా జవాబు వచ్చింది, ఎవరి ఇంట్లో చావుకు ఎవరు స్పందించారు అన్న చిన్న లెక్కల్లో కులం నివసిస్తున్నది. ఫోనులోని కులాన్ని తిట్లలో కంటే మర్యాదల్లో వెదకాలని నా అభిప్రాయం.

ఈ మాట అనడానికి నాకు ఆధారం కొత్త సిద్ధాంతమేమీ కాదు. లాహోరులోని జాత్ పాత్ తోడక్ మండల్ వార్షిక సభ కోసం అంబేడ్కర్ రాసి, ఆ సభ రద్దు కావడంతో 1936లో తానే అచ్చు వేయించుకున్న ‘కుల నిర్మూలన’లో, వర్ణవ్యవస్థ మీద విమర్శ మధ్యలో ఒక చిన్న భాగం ఉంది. మన చర్చల్లో దానికి రావలసినంత ప్రాధాన్యం రాలేదు. మనుషులు పక్కపక్కన నివసించినంత మాత్రాన సమాజం కారని, అలవాట్లూ నమ్మకాలూ ఒకేలా ఉన్నా సరిపోదని, ఒకే పండుగను వేర్వేరు కులాలు ఎవరికి వారు జరుపుకుంటే వాటి మధ్య బంధం పుట్టదని ఆయన అక్కడ వాదిస్తారు. ఒక ఉమ్మడి పనిలో భాగం ఉన్నప్పుడు, దాని గెలుపును తన గెలుపుగా, దాని ఓటమిని తన ఓటమిగా ప్రతి ఒక్కరూ అనుభవించగలిగినప్పుడే మనుషులు కలిసినట్టు. కొలంబియాలో ఆయనకు పాఠం చెప్పిన జాన్ డ్యూయీ 1916లో వెలువరించిన ‘డెమోక్రసీ అండ్ ఎడ్యుకేషన్’ గ్రంథంలోనూ సంభాషణకే పెద్దపీట. సమాజం నిలబడేది మాటల ఇచ్చిపుచ్చుకోలు మీదనేనని ఇద్దరి నమ్మకం.

ఆ కొలబద్దతో మన ఫోనులోని గ్రూపులను కొలిచి చూడండి. సంక్రాంతి నాడు రెండు వందల మంది ఉన్న గ్రూపులో ముగ్గుల బొమ్మలు, గొబ్బెమ్మల బొమ్మలు వరదలా వస్తాయి. ఆ పూట గ్రూపు కళకళలాడినట్టు కనిపిస్తుంది. కానీ అవి ఎవరి బొమ్మ వారు పెట్టి వెళ్ళిపోయిన విడివిడి పనులు. అంబేడ్కర్ చెప్పిన పక్కపక్క పండుగలే అవి. సంభాషణ మొదలయ్యేది ఒకరు పెట్టినదానికి ఇంకొకరు బదులు చెప్పినప్పుడు. ఆ బదులు ఎటు పోతున్నదో, ఎటు పోవడం లేదో చూస్తే ఆ గ్రూపు లోపలి పటం మనకు దొరుకుతుంది. పైగా ఈ సాంకేతికత మౌనాన్ని కూడా కంటికి కనిపించేలా చేసింది. సందేశాన్ని ఎవరెవరు చదివారో పంపినవారికి చూపించే నీలి టిక్కులు 2014 నుంచి ఉన్నాయి. ఊళ్ళో పలకరించినా పలకనివాడు వినపడలేదని తప్పించుకోవచ్చు. ఇక్కడ విన్నాడని తెలుస్తుంది, పలకలేదనీ తెలుస్తుంది.

పలకరింపు గురించి మాట్లాడుతూ మన పల్లెల్లోని వరుసలను దాటవేయడం కుదరదు. పెద్ద రైతు ఇంటి పిల్లలు చాకలి ఆమెను ‘అత్తా’ అనడం, గొల్ల పెద్దను ‘మామా’ అనడం ఎంతోమంది ఎరిగినదే. ఈ వరుసలు చూపించి ‘మా ఊళ్ళో కులం పట్టింపు ఉండేది కాదండీ’ అనే పెద్దలు ప్రతి సభలోనూ ఒకరు తగులుతారు. వరుస నోటి దాకా వచ్చింది, కంచం దాకా రాలేదు. మాల మాదిగ వాడల దగ్గరికి వచ్చేసరికి నోటి దాకా కూడా రాలేదు. అరవై ఏళ్ళ మనిషిని పదేళ్ళ కుర్రవాడు ‘ఒరేయ్’ అనగలిగిన ఊళ్ళు అవి. టీ కొట్టులో రెండో గ్లాసు వేరే చూరులో ఉండేది. బంధుత్వపు పిలుపు దానంతట అది ఎవరినీ లోపలికి తీసుకురాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర లేదు. కనుక సామాజిక మాధ్యమాల నిండా వినిపించే ‘అన్నా’, ‘అక్కా’, ‘బ్రో’ చూసి కొత్త సోదరభావం పుట్టిందని సంబరపడే ముందు కాస్త ఆగాలి.

అయినా పిలుపును తేలికగా తీసుకోలేం. ఇంగ్లీషులో పెద్దకూ చిన్నకూ ఒకే ‘యూ’తో గడిచిపోతుంది. తెలుగు క్రియాపదానికి ఆ వెసులుబాటు లేదు. ‘చెప్పు’, ‘చెప్పండి’, ‘చెప్పరా’ అనే మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకోగానే ఎదుటి మనిషికి తన స్థానం తెలిసిపోతుంది. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో అందరూ ఒకరినొకరు ‘ఏరా’ అనుకుంటారు. అందులో ఎంత తీపి ఉందో చెప్పనక్కర లేదు. కొన్నాళ్ళు గమనించండి. బెంగళూరులో ఫ్లాటు కొన్నవాడికి, కాంట్రాక్టులు చేస్తున్నవాడికి మెల్లగా ‘గారు’ వచ్చి చేరుతుంది. ఊళ్ళోనే ఆటో నడుపుతున్నవాడికి ‘ఏరా’ అలాగే ఉండిపోతుంది. ఇందులో వర్గమూ ఉంది, కులమూ ఉంది. రెంటినీ విడదీయడం మన దగ్గర ఎప్పుడూ కష్టమే.

ఈ బ్యాచ్ గ్రూపుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే కుల సంఘపు గ్రూపులో కులం ఉండడంలో వింత లేదు. ‘అందరి’ గ్రూపులో అది ఎలా ఉంటుందన్నదే అసలు ప్రశ్న. ప్రభుత్వ పాఠశాలలో ఒకే గదిలో కూర్చున్నవాళ్ళు ఇరవై, ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఒక్కచోట చేరడం నిజంగా మంచి సంగతి. చదువు మధ్యలో మానేసిన ఆడపిల్లల ఆచూకీ దొరికింది ఈ గ్రూపుల్లోనే. చనిపోయిన మాస్టారి కుటుంబానికి చందాలు పోగైందీ, ఆపరేషనుకు రక్తం దొరికిందీ ఇక్కడే. ఈ మంచితనం పట్ల నాకు ఏ వెటకారమూ లేదు.

కానీ ఏప్రిల్ నెల వస్తుంది. పద్నాలుగో తేదీ పొద్దున ఒక మిత్రుడు అంబేడ్కర్ చిత్రం పెట్టి ‘జై భీమ్’ అని రాస్తాడు. ఇద్దరు ముగ్గురు చేతులు జోడిస్తారు. వాళ్ళు ఎవరో ముందే చెప్పవచ్చు. తక్కినవాళ్ళు చదువుతారు, ఏమీ అనరు. ఇంకో మిత్రుడు ఆ జయంతికి తోడుగా ఏదైనా ఊళ్ళో జరిగిన దాడి వార్త జత చేశాడనుకోండి, అప్పుడు గ్రూపు మేలుకుంటుంది. ‘ఫ్రెండ్స్, ఇది మన స్నేహితుల గ్రూపు, దయచేసి రాజకీయ పోస్టులు వద్దు’ అని అడ్మిన్ ఎంతో మర్యాదగా రాస్తాడు. ఆ మర్యాదకు బొటనవేళ్ళు వరుస కడతాయి. అదే గ్రూపులో కార్తీకమాసంలో ఫలానా సామాజికవర్గం వనభోజనాల ఫొటోలు వస్తే అవి రాజకీయం కాదు. కొత్తగా గెలిచిన ఎమ్మెల్యేతో దిగిన ఫొటో, ‘మన జాతి ముద్దుబిడ్డ’ అన్న శీర్షికతో సహా, రాజకీయం కాదు. ఎవరి సంతోషం సంస్కృతి అవుతుంది, ఎవరి బాధ రాజకీయం అవుతుంది అన్న తీర్పు అక్కడ రోజూ వెలువడుతుంటుంది. దాన్ని తీర్పని ఎవరూ అనుకోరు.

చావు దగ్గర ఇది ఇంకా స్పష్టం. ఒక మిత్రుడి తల్లి చనిపోతే గ్రూపంతా ‘ఓం శాంతి’తో నిండుతుంది. ఆ తల్లి జీవితాంతం పల్లెలోని చిన్న చర్చికి వెళ్ళిన మాదిగ స్త్రీ అయినా అదే ‘ఓం శాంతి’. రాసినవాళ్ళకు చెడు ఉద్దేశం లేదు. తోటివాడి ఇంట్లో ఏ దేవుణ్ణి కొలుస్తారో పదేళ్ళు కలిసి చదివీ తెలియలేదు, అంతే. ఎందుకు తెలియలేదంటే ఆ ఇంటికి ఎప్పుడూ వెళ్ళలేదు కనుక. ఊరికీ వాడకూ మధ్య ఉన్న ఆ అర కిలోమీటరును బడి దాటించలేదు, ఫోను కూడా దాటించలేదు.

ఇక ‘మనవాళ్ళ’ గ్రూపుల సంగతి. వీటిలో ఇతర కులాల మీద ద్వేషం నిండి ఉంటుందని బయటివాళ్ళు ఊహించుకుంటారు. నేను చూసినంతలో వీటి నిండా ఉండేది ప్రేమ. సంబంధాల వివరాలు, అద్దె ఇళ్ళు, ఇంటర్ సీట్లు, కంపెనీల్లో రిఫరల్స్, భూముల బేరాలు, ఆసుపత్రిలో తెలిసిన డాక్టరు, కోర్టులో తెలిసిన వకీలు. అర్ధరాత్రి ప్రమాదం జరిగితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు కదులుతారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో దిగిన విద్యార్థికి విమానాశ్రయానికి కారు వస్తుంది, గదిలో చోటు దొరుకుతుంది. అమెరికాలో 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించినప్పుడు ‘మా దగ్గర వివక్ష ఎక్కడుంది?’ అని నిజాయితీగానే ఆశ్చర్యపోయినవాళ్ళు ఉన్నారు. తమవాళ్ళకు సాయం చేయడం వివక్ష ఎలా అవుతుందని వారి ప్రశ్న. సాయం నేరం కాదు. కానీ ఉద్యోగపు సమాచారం, ఇంటి తాళం, పెళ్ళి సంబంధం అన్నీ ఒకే కాలువలో పారుతున్నప్పుడు ఆ కాలువ ఒడ్డున లేనివాడికి ఏం దక్కుతుంది? ఎవరినీ ఒక్క మాట అనకుండానే, ఎంతో సౌజన్యంతో, తరాల నాటి అసమానత తర్వాతి తరానికి అందిపోతుంది. కులానికి మూలం స్వకుల వివాహంలో ఉందని అంబేడ్కర్ 1916లోనే, కొలంబియాలో చదివిన పత్రంలో చెప్పారు. ఈ గ్రూపుల్లో రోజువారీ ఆత్మీయతకు ఇరుసు కూడా అదే. చిట్టచివరికి అన్ని దారులూ పెళ్ళిచూపుల దగ్గరికే చేరుతాయి.

ఆ ఇరుసును ఎవరైనా కదిపితే అప్పటిదాకా ఉన్న తీపి ఏమవుతుందో మనం 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో చూశాం. తక్కువ కులంవాడని భావించిన అల్లుణ్ణి ఆసుపత్రి ఆవరణలో, గర్భవతిగా ఉన్న భార్య కళ్ళెదుట నరికించారు. ఆ ఘాతుకం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ తర్వాత సామాజిక మాధ్యమాల్లో కనిపించిన సానుభూతి. అది హతుడి కుటుంబం మీద కాదు, కూతురి వల్ల ‘పరువు’ పోయిన తండ్రి మీద. ‘తండ్రి బాధ మీకేం తెలుసు’ అని రాసినవాళ్ళందరూ క్రూరులని నేను అనుకోను. పుట్టినరోజు శుభాకాంక్షలూ, చావు పరామర్శలూ ఏళ్ళ తరబడి ఒకే గడపలో ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళకు ఆ తండ్రి బాధ సహజంగా అర్థమైంది. గడప అవతల చనిపోయిన యువకుడి తల్లిదండ్రుల బాధను అర్థం చేసుకునే అలవాటు మాత్రం పడలేదు.

ఇంత చెప్పాక ఒక ప్రశ్నకు జవాబివ్వాలి. దళిత, బహుజన విద్యార్థుల గ్రూపులూ అలాంటివే కదా, వాళ్ళూ తమవాళ్ళతోనే మాట్లాడుకుంటారు కదా అని నా విద్యార్థులే అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్న. నేరుగా జవాబు చెప్పే ముందు కాస్త చరిత్ర.

భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాదులో జగన్ మిత్ర మండలి స్థాపించినప్పుడు మొదట చేపట్టిన పని మహాసభలూ తీర్మానాలూ కాదు. హరికథలు చెప్పించడం, వాడల్లో మనుషులను సాయంత్రం పూట ఒకచోట కూర్చోబెట్టడం. 1917లో బెజవాడ సభలో ‘పంచములం కాము, ఆది ఆంధ్రులం’ అని పేరు మార్చుకోగలిగిన ఆత్మవిశ్వాసం వెనుక అలాంటి పదకొండేళ్ళ సాయంత్రాలు ఉన్నాయి. 1994లో మొదలైన దండోరా ఉద్యమం, దాచుకోమని నేర్పిన కులం పేరును నాయకుల పేర్ల చివర బహిరంగంగా తగిలించింది. ‘మాదిగ’ అన్న మాట తిట్టుగా విన్న చెవులకు అది సంబోధనగా మారడం చిన్న మార్పు కాదు. ‘జై భీమ్’ చరిత్రా అంతే. నాగపూర్ దగ్గరి కాంప్టీకి చెందిన బాబు హరదాస్ ప్రచారంలోకి తెచ్చాడని చెప్పే ఆ పలకరింపు, 2021లో సినిమా పేరు కాకముందే, దశాబ్దాలుగా దండం పెట్టనక్కరలేని పలకరింపుగా ఉంది. చిన్నవాడు పెద్దకు, పెద్ద చిన్నవాడికి ఒకే మాట చెబుతారు. మన క్రియాపదం పెట్టే చిక్కు అందులో లేదు.

విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన మొదటి తరం విద్యార్థి ఒకడు అలాంటి గ్రూపులో చేరి ‘జై భీమ్, అందరికీ’ అని రాస్తాడు. నిమిషంలో నలుగురు బదులిస్తారు. ఏ ఊరు, ఏ విభాగం, రూము దొరికిందా, మెస్ కార్డు వచ్చిందా అని అడుగుతారు. ర్యాంకు అడగరు. తరగతి గదిలో ‘నీ ర్యాంకెంత?’ అన్న ప్రశ్న కులం అడిగే నాజూకు పద్ధతి అని వాళ్ళందరికీ అనుభవమే. ఆ తర్వాత ఆ గ్రూపులో నడిచేదంతా చిల్లర పనిలాగే కనిపిస్తుంది. ఈ-పాస్‌లో దరఖాస్తు ఎందుకు నిలిచిపోయింది, జ్ఞానభూమిలో ఆధార్ పేరు కలవకపోతే ఎవరి దగ్గరికి వెళ్ళాలి, కుల ధ్రువపత్రం పాతదైతే చెల్లుతుందా, ఫెలోషిప్ నాలుగు నెలలుగా రాకపోతే మెస్ బిల్లు ఎలా, ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నలు అడిగారు, ఈ అధ్యాయం ఇంగ్లీషు ఎవరైనా సరిచూస్తారా. ఆవేశపూరిత చర్చలు కూడా జరుగుతాయి. కానీ మనిషిని నిలబెట్టేవి ఆ చర్చలు కావు. సెమిస్టరు మధ్యలో మూట సర్దుకొని ఊరికి వెళ్ళిపోదామనుకున్న పిల్లవాణ్ణి ఆపింది ‘అన్నా, రాత్రి రూముకు రా, ఫారం నేను నింపిస్తా’ అన్న ఒక్క వాక్యమని నాకు తెలుసు.

2015 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి నాయకుడి ఫేస్‌బుక్ వ్యాఖ్య మీద రేగిన వివాదం ఎటు పోయిందో అందరికీ తెలుసు. హాస్టల్ నుంచి వెలివేతకు గురైన ఐదుగురు దళిత పరిశోధకులు ఆరుబయట గుడారం వేసుకొని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మరణించాడు. ఆ కథనంలో మనం మరచిపోయే భాగం ఒకటుంది. వారిపై విధించిన శిక్షలో తరగతికి, పరిశోధనకు అడ్డం లేదు. గది, నలుగురు కలిసే చోట్లు, విద్యార్థి ఎన్నికలు, పరిపాలనా భవనం దూరమయ్యాయి. చదువుకోవచ్చు, కలిసి ఉండకూడదు. రోజువారీ సాంగత్యాన్ని తీసివేస్తే ఏం మిగులుతుందో ఆ శిక్ష రాసినవాళ్ళకు తెలియదు. అనుభవించినవాళ్ళకు తెలిసింది.

ఇప్పుడు ఆ ప్రశ్నకు నా జవాబు. కుల సంఘం గ్రూపుకూ అంబేడ్కర్ విద్యార్థుల గ్రూపుకూ పైకి కనిపించే పోలిక నిజమే. రెండూ మనుషులకు నీడనిస్తాయి. తేడా తలుపు దగ్గర ఉంది. మొదటిదానిలోకి పుట్టుకతో తప్ప రాలేరు, వచ్చినవారి పెళ్ళి కూడా ఆ గోడల మధ్యనే జరగాలి. రెండోదానిలో బీసీ, ముస్లిం, ఆదివాసీ విద్యార్థులు ఉంటారు, కొన్నిచోట్ల అగ్రకులాల నుంచి వచ్చినవాళ్ళూ ఉంటారు. కులాంతర వివాహం చేసుకున్న జంటకు అక్కడ అభినందన దొరుకుతుంది. అయితే ఈ తేడా రాసి ఇచ్చిన హామీ కాదు. రోజూ నిలబెట్టుకోవలసింది, నిలబెట్టుకోనప్పుడు పోయేది.

పోయిన సందర్భాలు ఉన్నాయి. ఎస్సీ వర్గీకరణకు రాష్ట్రాలకు అధికారం ఉందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో తీర్పు చెప్పిన తర్వాత, పదేళ్ళుగా కలిసి ఉన్న గ్రూపులు రెండు ముక్కలైన చోట్లు ఉన్నాయి. వాదించుకోవడంలో తప్పు లేదు, ముప్పై ఏళ్ళ పోరాటం అది. వర్గీకరణ న్యాయమైనదనే నా వైఖరి. కానీ నిన్నటి దాకా ‘అన్నా’ అన్నవాణ్ణి ఉపకులం పేరుతో ఎత్తిపొడిచి, అతడు గ్రూపు విడిచిపోతే చప్పట్ల బొమ్మ పెట్టినవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. నిలిచిన గ్రూపులూ ఉన్నాయి. వాటిలో తీర్పు మీద వాదన నడుస్తున్న పూట కూడా స్కాలర్‌షిప్ ప్రశ్నకు జవాబు ఆగలేదని గమనించాను. ఇక తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో మూడు గ్రూపులుగా విభజించిన షెడ్యూల్డు కులాల సంఖ్య 59. మన విద్యార్థి గ్రూపుల్లో గొంతు వినిపించేది వాటిలో రెండింటిదే. డక్కలి, మాస్టి పిల్లలు విశ్వవిద్యాలయం దాకా రావడమే అరుదు. వచ్చినా, మాదిగల ఇళ్ళ ముందు కథ చెప్పి అడుక్కున్న కులంవాడినని చెప్పుకోవడానికి ‘జై భీమ్’ గ్రూపులో కూడా వెనకాడుతున్నారంటే అక్కడి ‘మనం’ ఇంకా పూర్తి కాలేదనే అర్థం.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) నాటికి ఎప్పుడైనా అంతర్జాలం వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. అప్పటికీ ఇప్పటికీ పరిస్థితి మారింది, ఫోన్లు పెరిగాయి. కానీ ఫోను ఉండడం వేరు, అర్ధరాత్రి గ్రూపులో నిస్సంకోచంగా మాట్లాడగలగడం వేరు. విద్యార్థినులు చాలామంది ఈ గ్రూపుల్లో చదువరులుగానే ఉంటారు. ఒకసారి అభిప్రాయం చెబితే వ్యక్తిగత సందేశాలు మొదలవుతాయని వాళ్ళకు అనుభవం. ఉద్యమ గ్రూపుల్లో కూడా ఇదే అనుభవమని చెబితే అన్నలకు కోపం వస్తుంది. రావాలి కూడా.

చివరగా మా ఇంటి సంగతి, అంటే విశ్వవిద్యాలయాల సంగతి. ఇప్పుడు ప్రతి తరగతికీ ఒక అధికారిక గ్రూపు ఉంటుంది. అధ్యాపకులు, విద్యార్థి ప్రతినిధి, అరవై మంది. అందులో టైంటేబుల్, సెలవులు వస్తాయి. ఆ పక్కనే ఇంకో గ్రూపు ఉంటుంది, ముప్పై మందితో. పాత ప్రశ్నపత్రాలు, నోట్సు, ఇంటర్న్‌షిప్ కబుర్లు, సినిమా టికెట్లు, పుట్టినరోజులు అన్నీ దానిలో. ఎవరూ ఎవరినీ బహిష్కరించలేదు. ఇంగ్లీషు మీడియం, నగరం, పరిచయాలు, ఇంటిపేర్లు కలిసి ఆ ముప్పై మందిని ఏరాయి. మిగిలిన ముప్పై మంది ఎవరో చూస్తే ఊరూ వాడా గుర్తుకు రాక మానవు. ముంబైలో 2019 మేలో ఆత్మహత్య చేసుకున్న ఆదివాసీ వైద్య విద్యార్థిని పాయల్ తడ్విని సీనియర్లు వాట్సాప్ గ్రూపులోనూ హేళన చేశారని ఆమె కుటుంబం ఆరోపించింది. అలాంటి హేళన జరిగితే ఫిర్యాదుకు కనీసం ఒక ఆధారం ఉంటుంది. యూజీసీ 2012లో సమానత్వ నిబంధనలు తెచ్చింది, వాటి కింద ఫిర్యాదు చేయవచ్చు. చేర్చుకోకపోవడం మీద ఫిర్యాదు ఏమని రాయాలి?

నిబంధనతో కాని పనిని అధ్యాపకులు కొంతవరకు చేయగలరు. తరగతికి సంబంధించిన ఏ సమాచారమైనా, పాత ప్రశ్నపత్రం సహా, అధికారిక గ్రూపులోనే ఉండాలని పట్టుబట్టవచ్చు. ప్రాజెక్టు పని ఇచ్చేటప్పుడు జట్లను విద్యార్థులకు వదిలేయకుండా తామే కలపవచ్చు. జట్టుకు వచ్చే మార్కులు ఉమ్మడివైతే, రాత్రి పదకొండింటికి ఆ నలుగురు ఒకరికొకరు ఫోను చేసుకోక తప్పదు. తెలుగులో అడిగిన ప్రశ్నకు తెలుగులో జవాబివ్వవచ్చు. ఇది అన్నిటికంటే సులువు, అన్నిటికంటే తక్కువగా జరుగుతున్నది కూడా.

కొత్త విద్యాసంవత్సరం మొదలయ్యే వారంలో ప్రతి గ్రూపులోనూ ఒక ప్రశ్న వస్తుంది. ‘సర్, మెస్ డిపాజిట్ స్కాలర్‌షిప్ వచ్చాక కట్టవచ్చా?’ అని ఎవరో ఒకరు రాస్తారు. నీలి టిక్కులు పడతాయి. కాసేపు ఎవరూ పలకరు. తర్వాత ఎవరో దయగలవారు ‘పర్సనల్‌గా మెసేజ్ చెయ్యి’ అంటారు. ఆ దయలోనే, అది నలుగురిలో అడగదగిన ప్రశ్న కాదన్న సూచన ఉంది. ఆ జవాబును విభాగాధిపతో, సీనియరో అక్కడే, అందరి ముందే రాయాలి. అదే ప్రశ్న అడగాలా వద్దా అని టైపు చేసి చెరిపేసుకుంటున్నవాళ్ళు ఆ గ్రూపులో మరో నలుగురైనా ఉంటారు.